నల్లబల్ల మీద రొట్టె మిషను

ఫైళ్ళ గదిలో ఉద్యోగం చేసినవాడికి చెప్పుకోవడానికి ఏముంటుందని మీరు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఈమధ్య మా కాలనీ గ్రంథాలయంలో ఉద్యోగాలకు చదువుకుంటున్న నలుగురు పిల్లలు నన్ను పట్టుకుని, నా సర్వీసులో నేను చేసిన పెద్ద తప్పేమిటో చెప్పమన్నారు. ఐటీ కంపెనీల ఇంటర్వ్యూల్లో ఈ ప్రశ్న అడుగుతారట. జవాబుగా ఒక చిన్న తప్పు చెప్పి, అందులోంచి మనలోని ఒక గొప్ప గుణాన్ని బయటికి లాగాలట. నాకు ఆ విద్య రాదు. నా తప్పు పెద్దదే. అందులోంచి బయటికొచ్చిన గొప్ప గుణం కూడా నాది కాదు, గ్రంథాలయం ముందు రొట్టెలు చేసే ఒకావిడది.

నా చదువు ఇంటర్మీడియట్. ఆపై చదువంతా కూకట్‌పల్లిలోని మా ఈ గ్రంథాలయంలోనే, ఫ్యాను కింద మూడో కుర్చీలో జరిగింది. చరిత్ర, ఖగోళం, ఆయుర్వేదం, తేనెటీగల పెంపకం, ఏది దొరికితే అది చదివాను. తేనెటీగల్ని ఇప్పటికీ దగ్గర్నుంచి చూడలేదు గానీ, వాటి గురించి గంటసేపు మాట్లాడగలను. ఈ మాట అప్పట్లో గర్వంగా చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు చెబుతున్నది వేరే కారణంతో.

మొదట బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో గుమాస్తాగా ఉండేవాణ్ణి. అది మూతపడ్డాక మాదాపూర్‌లో ఒక పేటెంట్ల ఆఫీసులో రికార్డు కీపరుగా చేరాను. అద్దాల భవనం, ఏడో అంతస్తు. ఎవరైనా కొత్త వస్తువు కనిపెడితే, దాని మీద హక్కు కోసం మన దేశంలోనూ పరదేశాల్లోనూ దరఖాస్తులు పెట్టడం ఆ ఆఫీసు పని. ఏ దరఖాస్తు ఏ రోజు పెట్టారో, జవాబుకు గడువు ఎప్పుడో రిజిస్టరులోకీ కంప్యూటరులోకీ ఎక్కించడం నా పని. ఆ వ్యాపారంలో తేదీయే ప్రాణం. కనిపెట్టినవాడు దాన్ని లోకానికి చూపించకముందే దరఖాస్తు పెట్టాలి. ముందు చూపించి తర్వాత పెడితే, అందరికీ తెలిసిందానికి నీకెందుకు హక్కు అంటారు. మన దగ్గర ఈ విషయంలో కాస్త సర్దుబాటు ఉంది. యూరప్‌లో అది దాదాపు లేదు. ఒక్కరోజు ముందు, మాట దాచవలసిన బాధ్యత లేని ఒక్క మనిషికి చెప్పినా లోకానికి చెప్పినట్టే. ఈ కథకు కావలసిన చట్టం ఇంతే.

ఇక మనిషి సంగతి. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మెడలో కార్డులు వేసుకున్న కంపెనీలవాళ్ళు. వాళ్ళ మధ్య ఒకరోజు బాలానగర్ నుంచి ఒక లేత్ షెడ్డు యజమాని వచ్చాడు. సంగారెడ్డి వైపు మనిషి. చొక్కా జేబులో పెన్ను బదులు స్టీలు స్కేలు. ఆయన జొన్నరొట్టె చేసే మిషను కనిపెట్టాడు. మేం ఆయన్ని రొట్టె సేటు అనేవాళ్ళం, మొదట చాటుగా, తర్వాత ముఖం మీదే.

జొన్నరొట్టెకు మిషనేమిటని నవ్వకండి. గోధుమపిండి సాగుతుంది, జొన్నపిండి సాగదు. వత్తితే అంచు పగులుతుంది. అందుకే దాన్ని చేత్తో చరిచి చేస్తారు. సేటు భార్య పద్నాలుగు మంది ఉన్న కుటుంబానికి పాతికేళ్ళు రొట్టెలు చరిచింది. ఆమె మణికట్టు ఇక పనికిరాదని దవాఖానలో చెప్పిన రోజున సేటు ఈ పని మొదలుపెట్టాడు. ఆమె అరచేతిని వెర్నియర్ కాలిపర్‌తో కొలిచాడు. తర్వాత ఆమె మా ఆఫీసు మేడమ్‌తో చెప్పిందట: "పెండ్లయి ముప్పయ్యేండ్లల ఎన్నడు నా చెయ్యి పట్టుకోలే మేడమ్. ఇప్పుడు పట్టుకున్నడు, గదీ ఇనుముతోని."

మిషనులో ఒక గుండ్రటి పళ్ళెం నెమ్మదిగా తిరుగుతుంటుంది. దాని మీద పిండి ముద్ద. పైన రెండు రబ్బరు అరచేతులు. ఒకటి చరుస్తుంది, రెండోది అంచును పట్టుకుంటుంది. ఏ చెయ్యి ఎప్పుడు రావాలి, ఎప్పుడు పోవాలి అన్నదే అందులోని కిటుకు. ఆ రెండు చేతులకూ పొత్తు కుదర్చడానికి సేటుకు ఆరేళ్ళు పట్టింది.

ఆయన దాన్ని దుప్పట్లో చుట్టి ట్రాలీ ఆటోలో తెచ్చాడు. భవనం సెక్యూరిటీ వాళ్ళు లోపలికి రానివ్వలేదు. చివరికి సెల్లారు పార్కింగులోనే ప్లగ్గు పెట్టి చూపించాడు. మా మేడమ్ కర్నూలు అమ్మాయి, ముప్పయ్యేళ్ళుంటాయి, పేటెంటు ఏజెంటు, సేటు ఫైలు ఆమెదే. మిషను తిరగకముందే అక్కడున్న సెక్యూరిటీ అతని చేత, చూసినదాన్ని ఎవరికీ చెప్పనని కాగితం మీద సంతకం చేయించింది. రొట్టె చూడనీకి కూడ సంతకమా అని అతను సంతకం చేసి, రొట్టె తిని, ఇంకొకటి ఉందా అన్నాడు. ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టింది నేనే. మాట దాచడం ఎంత ముఖ్యమో తెలియదని నేను అనలేనని చెప్పడానికే ఈ ముక్క రాస్తున్నాను.

దరఖాస్తు శుక్రవారం పెట్టాలని నిర్ణయమైంది. నేను రిజిస్టరులో పెన్సిలుతో రాసుకున్నాను. అదే వారం గురు, శుక్రవారాలు నేను సెలవు పెట్టాను. కారణం, ఆదివారం సాయంత్రం గ్రంథాలయంలో నా ఉపన్యాసం.

గ్రంథాలయ కార్యదర్శి భీమవరం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన రిటైర్డు ఉపాధ్యాయుడు. ప్రతి నెలా ఎవరో ఒకరి చేత మాట్లాడిస్తాడు. ఆ నెల రావలసిన దంతవైద్యుడు రానన్నాడు. "మీరు పెద్ద ఆఫీసులో చేస్తున్నారు కదండీ, దాని గురించి ఓ నాలుగు ముక్కలు చెప్పండి" అన్నాడు. దంతవైద్యుడి బదులు పిలిచారన్న సంగతి నేను పట్టించుకోలేదు. "సరిహద్దులు దాటే మేధోసంపత్తి" అని పేరు పెట్టి, రెండు వారాలు కష్టపడి పద్నాలుగు పేజీలు రాశాను. పురాతన కాలంలో పట్టుపురుగుల రహస్యం దేశాలు దాటడం దగ్గర మొదలుపెట్టి మిరియాలు, తేయాకు మీదుగా నడిపాను. ఎనిమిదో పేజీకి వచ్చేసరికి మనవైపు ఉదాహరణ ఒకటి ఉంటే బాగుండుననిపించింది. నాకు తెలిసిన ఉదాహరణ ఒకటే.

సేటు పేరు రాయలేదు. బాలానగర్ అని కూడా రాయలేదు. శుక్రవారం దరఖాస్తు పెట్టేస్తారు, మనం మాట్లాడేది ఆదివారం, ఇంకేం భయం అనుకున్నాను. నిజానికి దరఖాస్తు పెట్టినా క్లయింటు సంగతి బయట చెప్పకూడదు. పద్నాలుగు పేజీలు రాసినవాడికి ఆ మాట తట్టలేదు.

ఆ ఆదివారం ఇరవైముగ్గురు వచ్చారు. పట్టుపురుగుల దగ్గర కొందరు కళ్ళు మూశారు, ఆలోచిస్తున్నారనుకున్నాను. తొమ్మిదో పేజీ దగ్గర నల్లబల్ల ముందుకు వెళ్ళి పళ్ళెం, రెండు అరచేతులు, కింద తిరిగే ఇరుసు గీసి, ఏది ముందో ఏది తర్వాతో చేత్తో చరిచి మరీ చూపించాను. నేను బల్లకు ఆనుకుని నిలబడి ఉండగా కార్యదర్శి ఫోనులో ఫొటో తీశాడు. చివర చప్పట్లు గట్టిగా వచ్చాయి. తర్వాత మిరపకాయ బజ్జీలు పెట్టారు. ఉపన్యాసం ప్రతిని గ్రంథాలయంలో భద్రపరచమని నేనే అడిగి, తేదీతో ముద్ర వేయించి, పుస్తకాల జాబితాలో నంబరు కూడా ఇప్పించుకున్నాను. బీరువాలో నా పేరుతో ఒక పుస్తకం. ఆ రాత్రి భోజనం కూడా సరిగా చేయలేదు, కడుపు అంత నిండిపోయింది.

సోమవారం ఆఫీసుకు వెళ్ళి, పెన్సిలు రాతను పెన్నుతో దిద్దుదామని రిజిస్టరు తెరిచి, మేడమ్‌ని దరఖాస్తు నంబరు అడిగాను.

"ఫైల్ చేయలేదు సార్" అంది ఆమె. "శుక్రవారం అమావాస్య అంట. సేటు గురువారం ఫోన్ చేసి ససేమిరా అన్నాడు. సోమవారం ఆయన నక్షత్రానికి పడదంట, మంగళవారం మంచిది కాదంట. బుధవారం పంచమి. ఐదు రోజుల్లో ఏమవుతుంది లెండి."

ఐదు రోజుల్లో ఏమవుతుందో ఆ గదిలో ఒక్కడికే తెలుసు. నేను నోరు విప్పలేదు. ఆదివారం ఎలాగూ వెనక్కి రాదు, చెప్పి లాభమేమిటని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. బుధవారం పదీ పదకొండు గంటల మధ్య, కంప్యూటరుకు కుంకుమ పెట్టించి మరీ, సేటు దరఖాస్తు పెట్టించాడు. ఆ తేదీని రిజిస్టరులో నా చేత్తోనే ఎక్కించాను. అక్షరాలు కొంచెం వంకరగా వచ్చాయి.

ఏడాది తిరిగేసరికి దాని ఆధారంగా యూరప్‌లోనూ దరఖాస్తు పెట్టాం. అక్కడ గోధుమ పడనివాళ్ళు చాలామంది ఉంటారట, జొన్న, సజ్జ లాంటివాటితో రొట్టెలు చేసే కంపెనీ ఒకటి సేటు మిషను కోసం బాలానగర్ దాకా వచ్చి చూసి వెళ్ళింది. ఒప్పందం రాసుకోవడమే తరువాయి. సేటు షెడ్డు ముందు భాగానికి కొత్తగా సున్నం వేయించాడు.

మరో ఆరునెలలకు ఆ కంపెనీ లాయర్ల నుంచి మేడమ్‌కు ఉత్తరం వచ్చింది. సారాంశం ఇది: మీ దరఖాస్తుకు మూడు రోజుల ముందే ఈ యంత్రాన్ని బహిరంగ సభలో వివరించారు, కాబట్టి ఇక్కడ మీకు హక్కు రాదు, ఆ మాట ఇక్కడి పేటెంటు కార్యాలయానికి కూడా రాసిపెట్టాం, ఇక మీ అనుమతి లేకుండా మేమే తయారుచేసుకుంటాం. దానికి ఒక ఫొటో జతచేశారు. గ్రంథాలయం ఫేస్‌బుక్ పేజీలోది. కింద కార్యదర్శి రాసిన వ్యాఖ్యను కంప్యూటరు చేత అనువాదం చేయించుకున్నారు: జొన్నరొట్టె యంత్రం గురించి విపులంగా వివరిస్తున్న వక్త.

మేడమ్ ఆ ఫొటోను ప్రింటు తీసి, నా ముఖం వైపు, కాగితం వైపు మూడుసార్లు మార్చి మార్చి చూసింది.

"సార్, ఈ చొక్కా మీదే కదా."

ఆ రోజు నేను అదే చొక్కా వేసుకున్నాను.

అంతా చెప్పేశాను. ఆమె అరవలేదు, అరిచి ఉంటే బాగుండేది. "అప్పుడే చెప్పి ఉంటే ఆరునెలల లోపల యూరప్‌లో పెట్టి, సేటు నమ్మి చెప్పినదాన్ని బయటపెట్టినారని కొట్లాడేకి చిన్న దారి ఉండె సార్. ఇప్పుడు అది కూడా మూసుకపోయింది" అంది. ఫొటో మళ్ళీ చేతిలోకి తీసుకుని, ఆశగా అడిగింది: "బొమ్మ సరిగ్గానే గీసినారా? చెప్పింది సరిగ్గానే చెప్పినారా? ఫొటోలో సగం మీ భుజం అడ్డమొచ్చింది, చేతుల వరుస కనపడడంలేదు."

నాకు రోషం వచ్చింది. ఉద్యోగం పోయేలా ఉంది, ఒక మనిషి ఆరేళ్ళ కష్టం పోయేలా ఉంది, అయినా రోషం వచ్చింది. నేను ఏదైనా చదివితే పద్ధతిగా చదువుతానని, మిషను ఎలా ఉందో పొల్లుపోకుండా చెప్పానని గట్టిగా చెప్పాను. కావాలంటే రాసిస్తానన్నాను. ఆమె తల పట్టుకుంది. అలా పట్టుకోవడం ఎందుకో నాకు మూడు వారాల తర్వాత అర్థమైంది. గ్రంథాలయంలో ముద్ర వేయించిన ప్రతి సంగతి మాత్రం అప్పుడూ చెప్పలేదు. ఫొటోయే ఇంత పని చేస్తే, నంబరు వేసిన పుస్తకం ఎంత చేస్తుందోనని.

సేటుకు చెప్పడానికి బాలానగర్ నేనే వెళ్ళాను. ఆయన లేతు ఆపి, చేతులు తుడుచుకుని, మొత్తం విని, చాలాసేపు గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు.

"శుక్రారం పెట్టి ఉంటే?" అన్నాడు.

పెట్టి ఉంటే ఇదంతా ఉండేది కాదన్నాను.

"అంటే తప్పు నాది గూడ ఉన్నది."

మీది కాదు, నాది అన్నాను. కాదు, పంచమిదాక ఆగమన్నది నేనే అన్నాడాయన. నేను మాట్లాడకపోతే మీరు ఎప్పుడు పెట్టినా ఏమీ అయ్యేది కాదన్నాను. తప్పు కోసం మేమిద్దరం అలా కాసేపు గుంజుకున్నాం. ఆఖరికి ఆయన భార్య లోపల్నుంచి వచ్చి చాయ్ పెట్టి, "ఇద్దరు సగం సగం పంచుకోండ్రి, గని ముందుగాల దీన్ని జర బాగు చెయ్యుండ్రి" అంది. ఆమె కుడి మణికట్టుకు పట్టీ ఉంది. చాయ్ గ్లాసు ఎడమ చేత్తో ఇచ్చింది.

జవాబు ఇవ్వడానికి గడువుంది. సభకు వచ్చినవాళ్ళకు ఏం గుర్తుందో కనుక్కుని రమ్మని మేడమ్ చెప్పింది. ఎవరూ వినకపోతే చెప్పనట్టే కదా అని నాకు తోచింది. అలా మూడు ఆదివారాలు, నా ఉపన్యాసాన్ని ఎవరూ వినలేదని రుజువు చేయడానికి నేను ఇల్లిల్లూ తిరిగాను.

కార్యదర్శి మొదలుపెట్టాడు. "మీరు ఏమీ అనుకోనంటే చెబుతానండి. నేను ఫొటో తీసి కూర్చున్నాను. తర్వాత చప్పట్లకి లేచాను." చప్పట్లు ఎవరు మొదలుపెట్టారో తెలుసుకుందామని అడిగితే, బజ్జీల గిన్నెలు లోపలికి వచ్చినప్పుడు వెనక వరుసవాళ్ళన్నాడు. గ్రూప్స్ పరీక్షలకు చదివే కుర్రవాళ్ళు నలుగురు, ఆ రోజు తమ గదిలో కరెంటు లేక వచ్చి, పరీక్ష పుస్తకం అడ్డం పెట్టుకుని చదువుకున్నారట. ఒక రిటైర్డు బ్యాంకు మేనేజరు మాత్రం నా ఉపన్యాసం బ్రహ్మాండమని పొగిడాడు. ఏం గుర్తుందని అడిగితే, పళ్ళకు కొబ్బరినూనె మంచిదని నేను చెప్పిన మాట గుర్తుందన్నాడు. ఆయన దంతవైద్యుణ్ణి వినడానికి వచ్చాడు, వినేసి వెళ్ళాడు.

ఇరవైముగ్గురిలో ఇరవైమంది దొరికారు. ఇరవైమందీ ఏమీ విననట్టు సంతకాలు పెట్టారు. ఒకరిద్దరు అడగకముందే పెట్టారు. ఆ కాగితాలు పట్టుకుని, అవమానమైనా సేటు గట్టెక్కాడన్న ధైర్యంతో మేడమ్ దగ్గరికి వెళ్ళాను. ఆమె చదువుతూ పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది.

"బాగున్నాయి సార్. పనికిరావు. విన్నారా లేదా అని కాదు చూసేది, వినేకి అవకాశం ఉండిందా లేదా అని. ఖాళీ కుర్చీలకు చెప్పినా తలుపు తీసి ఉంటే చాలు."

ఇరవైమంది చేత నా ముఖం మీద, రాతపూర్వకంగా, అనవసరంగా చెప్పించుకున్నానన్నమాట.

ఆ సాయంత్రం గ్రంథాలయం మెట్ల మీద కూర్చున్నాను. ఎదురుగా రోడ్డు పక్కన జొన్నరొట్టెల బండి. మా కేపీహెచ్‌బీ కాలనీలో ఉన్నవాళ్ళకు ఆ చప్పుడు తెలుసు, సాయంత్రం ఆరైతే వీధి వీధినా చప్పట్లు కొట్టినట్టు వినిపిస్తుంది. బండి నడిపేది నారాయణఖేడ్ వైపు నుంచి వచ్చిన ఒకావిడ. అందరూ ఆమెను అక్కా అంటారు. ఆ రోజు బజ్జీలు ముందే తెచ్చి, ఉపన్యాసం అయ్యేదాకా గిన్నెల కోసం తలుపు దగ్గర నిలబడింది ఆమేనని అప్పుడు గుర్తొచ్చింది. నా జాబితాలో ఆమె లేదు. బజ్జీలు తెచ్చినావిడను శ్రోత అని నేను అనుకోలేదు.

అక్కా, ఆ రోజు నేను చెప్పింది ఏమైనా విన్నావా అని అడిగాను.

"ఇన్న" అంది, చరుస్తూనే. "మొదలు పురుగులని ఏందో చెప్పిన్రు, అది ఎక్కలే. రొట్టె మిషను బొమ్మ గీసిన్రు గద, అది మంచిగ చూసిన. గని సారూ, మీరు చెప్పినట్టు చేస్తే రొట్టె రాదు."

ఎందుకు రాదన్నాను.

"మీరేమన్నరు, ముందుగాల చరిచి, ఎన్కసీరి అంచు పట్టాలె అన్నరు. చరిచినంక పట్టుకుంటె ఏముంటది, అప్పటికే పలుగుతది. ముందుగాల అంచు పట్టాలె, పట్టినంకనే చరచాలె. గీ చెయ్యి చూడున్రి." ఎడమ చెయ్యి వంపు తిరిగి అంచును దగ్గరికి తీస్తోంది, ఆ తర్వాతే కుడి చెయ్యి పడుతోంది. ఏళ్ళ తరబడి ఆ బండి ముందు నిలబడి తిన్నవాణ్ణి, ఎన్నడూ చూడలేదు.

అలా ఉండదమ్మా, నేను మిషనును దగ్గరుండి చూసి, పద్ధతిగా రాసుకుని చెప్పానన్నాను.

"రాసుకున్నరేమో గని, ఎన్నడన్న చేసిన్రా?"

నేను లేచి లోపలికి వెళ్ళి, బీరువా తీయించి, ముద్ర వేసిన నా పుస్తకం తెరిచాను. తొమ్మిదో పేజీ. చక్కటి గుండ్రటి అక్షరాలతో ఉంది: "తొలుత దక్షిణ హస్తము చరచును, అనంతరము వామ హస్తము అంచును గ్రహించును." కింద బొమ్మ, దాని మీద ఒకటి, రెండు అని అంకెలు. తిరుగుడు ఇరుసు కూడా దానికి తగ్గట్టే తిరగేసి గీశాను. పార్కింగులో మిషను తిరుగుతుంటే నేను చూసింది చరిచే చేతినే. చప్పుడు చేసేది అదే కాబట్టి అదే ముందనుకున్నాను.

నా జీవితం మొత్తంలో అంత ఘోరమైన తప్పు చదవలేదు, అంత సంతోషంగానూ చదవలేదు. ఒక కంట్లో నీళ్ళు, ఒక కంట్లో నవ్వు. కార్యదర్శి భయపడి మంచినీళ్ళు తెప్పించాడు.

మర్నాడు పుస్తకం మేడమ్ ముందు పెట్టాను. గ్రంథాలయం ముద్ర, నంబరు చూడగానే ఆమె ముఖం పాలిపోయింది. తొమ్మిదో పేజీ చదివాక లేచి నిలబడింది. పనిచేయని దాన్ని బయటపెడితే, పనిచేసేదాన్ని బయటపెట్టినట్టు కాదట. అయితే పనిచేయదని రుజువు చేయాలి. మేడమ్ వెంటనే సేటుకు ఫోన్ చేసింది.

పరీక్ష రోజున బాలానగర్ షెడ్డులో రెండు మిషన్లు పెట్టారు. ఒకటి సేటుది. ఒకటి నా తొమ్మిదో పేజీని చూసి అచ్చంగా అలాగే చేసింది, ఇరుసు తిరగేసి. దాన్ని పనివాళ్ళు సారు మిషను అన్నారు. ఎదురుగా లాప్‌టాప్‌లో యూరప్ నుంచి మా తరఫు లాయరు ఒకాయన చూస్తున్నాడు. పిండి తడిపింది రొట్టెల అక్క.

ముందు సారు మిషను. మొదటి రొట్టె నాలుగు ముక్కలైంది. రెండోది పళ్ళెం దాటి లాప్‌టాప్ మీద పడింది, తెర మీది లాయరు చటుక్కున వెనక్కి జరిగాడు. మూడోది అసలు రొట్టె ఆకారానికే రాలేదు. పనివాళ్ళు ఒక్కొక్క ముక్కను ఫొటో తీశారు. అంచు పగులును సేటు వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి చెబుతుంటే మేడమ్ రాసుకుంది. తర్వాత సేటు మిషను. మూడు రొట్టెలు మూడూ చంద్రబింబాల్లా వచ్చాయి. సేటు భార్య ఒకటి తుంచి నోట్లో వేసుకుని తలూపింది.

లాయరు ఒక అనుమానం అడిగాడు: ఈమె చూడగానే తప్పు పట్టింది కదా, మరి ఎవరైనా చూడగానే దిద్దుకోగలరని అవతలివాళ్ళు అంటే? మేడమ్ ఆ ప్రశ్నను తెలుగులో అక్కకు చెప్పి, మిషనులో దీన్ని ఎట్లా దిద్దుతావని అడిగింది. అక్క మిషను చుట్టూ ఒకసారి తిరిగింది.

"మిషను తీసేసి నన్ను కూసోబెట్టున్రి."

మేడమ్ అదే మాటను తర్జుమా చేసింది. తెర మీద లాయరు మొదటిసారి నవ్వి, అది అలాగే రాయమన్నాడు. చేతి పని ఆమెకు తెలుసు, ఇనుము చేత చేయించడం సేటు ఒక్కడికే తెలుసు అన్నది మా వాదన.

ఇక కాగితాలు. అక్క వాంగ్మూలంలో నిపుణురాలు అని రాశారు. చదువు: లేదు. అనుభవం: ఇరవై రెండేళ్ళు. ఆమె వేలిముద్ర వేసి, ఇగ పోత, బండి పెట్టే టైమైంది అంది. తర్వాత నా ప్రమాణపత్రం. నేను గీసిన బొమ్మ తప్పు, నేను చెప్పిన వరుస తప్పు, యంత్రం ఎలా పనిచేస్తుందో నాకు అర్థం కాలేదు అని మేడమ్ రాసింది.

కలం తీసుకుని, అర్థం కాలేదు అన్నదానికి ముందు "పూర్తిగా" అని చిన్న అక్షరాలతో చేర్చాను.

మేడమ్ చూసింది. అలా చేరిస్తే కొంత అర్థమైందని ఒప్పుకున్నట్టవుతుందని, ఏ కొంత అని అవతలివాళ్ళు అడుగుతారని చెప్పింది. నాకు తెలుసు. అయినా కలం కదల్లేదు. నలభై ఏళ్ళుగా ఫ్యాను కింద మూడో కుర్చీలో కూర్చుని సంపాదించింది ఆ ఒక్క మాటలో ఉన్నట్టనిపించింది. సేటు నా పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"సారూ" అన్నాడు మెల్లగా, "ఆ ఒక్క మాట కొట్టెయ్యున్రి. నా ఆరేండ్లు దాని కిందనే ఉన్నయి."

కొట్టేశాను. దాని పక్కన సంతకం చేశాను. అక్షరాలు ఈసారి నిటారుగానే వచ్చాయి.

యూరప్ కార్యాలయం మా జవాబును అంగీకరించింది. ఆ కంపెనీ లాయర్లు మళ్ళీ ఉత్తరం రాశారు, ఈసారి భాష మెత్తగా ఉంది. ఒప్పందం అయింది. సేటు మిషన్లు ఇప్పుడు సముద్రం దాటి వెళుతున్నాయి, ఒప్పందం మీద సంతకానికి మాత్రం ఆయన ముహూర్తం చూడలేదు, కాగితం ముందుకు రాగానే పెట్టేశాడు. అక్కకు ఒక మిషను ఇస్తానంటే, నా చేతులకేమైందని వద్దంది. మా ఆఫీసు నాకొక మెమో ఇచ్చింది, బయట ఎక్కడా ప్రసంగాలు చేయరాదని. అది చూసి గ్రంథాలయం కార్యదర్శి నాకంటే ముందు ఊపిరి పీల్చుకున్నాడని నా అనుమానం. ఎనిమిది నెలలకు రిటైరయ్యాను.

పిల్లలూ, మీ ఇంటర్వ్యూకు ఇది పనికొస్తుందో లేదో నాకు తెలియదు. ఒకటి మాత్రం చెప్పగలను. ఆ పద్నాలుగు పేజీల ఉపన్యాసం మన బీరువాలోనే ఉంది, దాన్ని ఇంతవరకు ఎవరూ అడిగి తీసుకోలేదు. నా ప్రమాణపత్రం అలా కాదు. అనువాదమై, ముద్ర పడి, ఆ దేశాల పేటెంటు రికార్డుల్లో శాశ్వతంగా చేరింది. నాకు అర్థం కాలేదన్న సంగతిని ప్రపంచంలో ఎక్కడివారైనా, ఎప్పుడైనా, కంప్యూటరు తెరిచి చదువుకోవచ్చు. సరిహద్దులు దాటిన నా రచన అదొక్కటే. దాని మీద నేను ఏ హక్కులూ ఉంచుకోలేదు.